రేకుల అవతలి పాట

జనగామలో స్టేషను దాటాక ఉన్న సినిమా హాలుకు ముందు గోడ సున్నం వేసినది. దాని మీద రంగుల బొమ్మలు, పక్కన గేటు, టికెట్ల కిటికీ. వెనక గోడ మాత్రం రేకులది. అటువైపు మురికి కాలువ, తుమ్మ చెట్లు, హాల్లోంచి ఊడ్చి పారేసిన చెత్త. నేను పాటలు నేర్చుకున్నది ఆ వెనకవైపు కూర్చునే. నీకిన్ని పాటలు ఎలా వచ్చాయని ఎవరైనా అడిగితే ఇప్పటికీ మాట మారుస్తాను. రాయడం వచ్చాక కూడా ఈ సంగతి రాయడానికి చాలా కాలం చేయి రాలేదు.

అరవై తొమ్మిది ఉద్యమం జరిగిన ఏడు నేను అన్న ఇంటికి తిరిగి వచ్చాను. రైళ్లు నడవని రోజులవి. మా అత్తగారి ఊరు మానుకోట అవతల. అక్కడి నుంచి తొర్రూరు దాకా ఎడ్లబండి మీద, తొర్రూరు నుంచి జనగామకు ఒక లారీ వెనక మిరప బస్తాల మీద కూర్చుని వచ్చాను. నా మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. నాకు పిల్లలు కాలేదన్నది సాకు. మిరప ఘాటుకు కళ్లు ఎర్రబడి ఉండడం నాకు మేలే అయింది. ఏడ్చి వచ్చానని ఎవరూ అనుకోలేదు.

వదినె వాకిట్లోకి వచ్చి నా చేతిలో మూట చూసింది.

"మూట లోపల పెట్టు. ఆకిట్ల నిలవడకు, అందరు సూస్తాండ్రు" అన్నది.

అంతకు మించి ఏమీ అడగలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు నేను ఆ ఇంట్లో లోపలే ఉన్నాను.

మాది బ్యాండు మేళం ఇల్లు. అన్న క్లారినెట్ వాయించేవాడు. ఆయనే మేళానికి పెద్ద. ట్రంపెట్ ఊదే ఆయన దగ్గరి తండా నుంచి వచ్చేవాడు. చిన్న డ్రమ్ములు కొట్టేవాళ్లు మా బంధువులే. పెద్ద డ్రమ్ము మా కాకది, అంటే మా బాపు తమ్ముడిది. ఆయన పడుచుతనంలో రాళ్లు పగలగొట్టే పనికి పోయాడు. గుట్టలో మందు పేలినప్పుడు దగ్గరగా ఉండి చెవులు పోగొట్టుకున్నాడు. మాట ఉంది, వినికిడి లేదు. తన మాట తనకు వినపడదు కాబట్టి పక్క వీధికి కూడా వినపడేలా మాట్లాడేవాడు. మన పెదవులు చూసి "రా", "పో", "అన్నం" లాంటి మాటలు పట్టుకునేవాడు. పెళ్లాం, పిల్లలు లేరు. ఆయనకున్నదల్లా ఆ డ్రమ్ము, మేళపోళ్లు వేసుకునే ఇత్తడి గుండీల ఎర్ర కోటు. పెళ్లిళ్లు లేని రోజుల్లో కూడా ఆ గుండీలను చింతపండుతో తోమేవాడు.

ఇంట్లో ఊరికే కూర్చుని తినలేక నేను ఉడకబెట్టిన పల్లికాయ గంపలో పెట్టుకుని హాలు దగ్గర అమ్మడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం ఆటకు ఇంటర్వెల్ అయ్యేదాకా గేటు ముందు నిలబడితే మగవాళ్లు రకరకాలుగా చూసేవాళ్లు. అందుకని వెనక్కి పోయి రేకుల నీడలో కూర్చునేదాన్ని. లోపలికి పోయి సినిమా చూడాలని ఉండేది. "మొగుడు ఇడిసినామె సినిమాలు సూస్తాందట అని ఊరంత అంటది" అని అన్న ఒకసారి అన్నాడు. ఆ ఒక్కసారి చాలు.

రేకులు మాటలను ఆపేసేవి. రాగం మాత్రం వాటి సందుల్లోంచి వచ్చేది. ఒకే సినిమా వారాలకు వారాలు ఆడేది కాబట్టి పాట నాలో ఇంకిపోయేది. ఒకరోజు బియ్యంలో రాళ్లు ఏరుతూ ఏదో పాడుకుంటుంటే అన్న గడపలో ఆగిపోయాడు.

"గదెక్కడిదే?"

నేను భయపడి నోరు మూసుకున్నాను.

"తిడ్తలేను చెల్లె. మల్లొకపారి అను."

పాడాను. ఆయన క్లారినెట్ తెచ్చుకుని నా ముందు కూర్చున్నాడు. పెళ్లివాళ్లందరూ కొత్త సినిమా పాటలే అడుగుతున్న కాలం అది. అన్నకు సినిమాకు పోయే తీరిక లేదు, పోయినా ఒకసారి వింటే సగమే వచ్చేది. ఆ పొద్దున పాట మొత్తం ఆయన వేళ్లలోకి వెళ్లిపోయింది. లేచేటప్పుడు అటూ ఇటూ చూసి అన్నాడు.

"నువ్వు చెప్పినవని ఎవ్వలకు అనకు. ఆడిదాని కాడ నేర్సుకున్న మేళమంటే ఎవడు పిలువడు."

అప్పటి నుంచి మేళానికి పాటలు నేనే చెప్పాను. తలుపులు వేసుకుని, వంటింట్లో. ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా చెప్పాల్సి వచ్చేది. అన్నకు ఒకసారి పాడితే చాలు. తండా ఆయన ఇంట్లో మాట్లాడే భాష వేరు. నేను ఏవేవో తెలుగు మాటలు కట్టి రాగం చెబితే అవి ఆయన నోట్లో నిలిచేవి కావు.

"నాతోని కాదక్కా. మాట యాదికుంటే రాగం పోతాంది."

"మీ మాటల్ల పాడుకో. నాకు రాగం కావాలె గాని మాట ఎందుకు?"

ఆయన కాసేపు తనలో తాను గొణుక్కుని గట్టిగా పాడాడు. రాగం ఎక్కడా తప్పలేదు. ఏమని పాడుతున్నావని అడిగాను.

"మా బర్రె తప్పిపోయింది, ఎవలన్న సూసిండ్రా అని."

అందరూ పడి పడి నవ్వారు. ఎంతో ప్రేమగా ఉండే ఆ పాట ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లలో వినపడ్డా నాకు తప్పిపోయిన బర్రే గుర్తొచ్చేది.

కాకతోనే కష్టం. పాత పాటల దెబ్బ ఆయన చేతుల్లో ఉంది. అవి చెవులున్న రోజుల్లో నేర్చుకున్నవి. కొత్త పాటకు పాత దెబ్బ కొడితే మేళం అంతా చెదిరిపోయేది. చిన్న డ్రమ్ము కొట్టే ఆయన ఒకరోజు అన్నతో అన్నాడు.

"చెవిటోన్ని ఎంబడేసుకొని ఎన్నూర్లు తిరుగుదాం బావా? నలుగుట్ల నవ్వుతాండ్రు."

అన్న క్లారినెట్ తుడిచి పెట్టెలో పెట్టాడు. తర్వాత, "ఈ పెండ్లిళ్లు ఎల్లెదాక సూస్తా. మల్ల తప్పితే ఇంట్ల కూసోవెడ్తా" అన్నాడు. కాక పక్కనే కోటు గుండీలు తోముకుంటున్నాడు. ఆయన గురించేనని ఆయనకు తెలియదు.

ఆ రోజు నుంచి నేను కాక వెనక కూర్చుని ఆయన వీపు మీద పాట చెప్పడం మొదలుపెట్టాను. పెద్ద దెబ్బకు వెన్ను పక్కన అరచేత్తో. చిన్న దెబ్బకు భుజం మీద వేళ్లతో. పాట ఆగేచోట అరచేయి కదపకుండా అదిమి పట్టేదాన్ని. మొదట్లో ఆయన మెలికలు తిరిగాడు.

"ఇది పాటనా, గోకుడా బిడ్డా?"

కొన్నాళ్లకు మెలికలు ఆగాయి. కళ్లు మూసుకుని, నా చేయి వీపు మీద ఏమంటే ఆయన చేతులు డ్రమ్ము మీద అదే అనేవి. పెళ్లిలో నేను ఉండను కాబట్టి మొదలుపెట్టడానికీ ఆపడానికీ అన్న భుజాలు చూడమని నేర్పాం. ఆ ఏడు పెళ్లిళ్లలో కాక ఎక్కడా తప్పలేదు. చిన్న డ్రమ్ము ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాకు గర్వంగా ఉండేది. కానీ వంటింటి తలుపులు వేసుకుని పడే గర్వం ఎలాంటిదో, అది పడ్డవాళ్లకే తెలుస్తుంది.

మరుసటి ఏడు తొర్రూరు దగ్గరి ఒక ఊరి పెద్ద రైతు తన బిడ్డ పెళ్లికి మేళం మాట్లాడడానికి మా ఇంటికే వచ్చాడు. మాకు అంత పెద్ద ఇంటి పెళ్లి ఎప్పుడూ రాలేదు.

"బిడ్డను అత్తగారింటికి సాగదోలేటప్పుడు ఆడోళ్ల కండ్లల్ల నీళ్లు దునుకాలె" అన్నాడు ఆయన. "కొత్త పాట ఉండాలె. వరంగల్ మేళపోళ్లు గూడ వాయించని పాట."

"అట్లనే పటేలా" అన్నాడు అన్న. అని, వంటింటి తలుపు వైపు చూశాడు.

అప్పుడే హాల్లోకి కొత్త సినిమా వచ్చింది. మొదటి రోజే రేకుల వెనక కూర్చున్నాను. ఇంటర్వెల్ తర్వాత లోపల సన్నాయి మొదలైంది. వెంటనే ఆడవాళ్ల ఏడుపులు, చాలామంది. ఒక ముసలి గొంతు "పోయిరా తల్లీ" అంటున్నట్టు వినిపించింది. ఆ తర్వాత మగ గొంతులో పాట ఎత్తుకుంది. నిదానంగా, బరువుగా, ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు. పల్లికాయ గంప పక్కన పెట్టుకుని నేనూ ఏడ్చాను. నేను అత్తగారింటికి పోయిన రోజు యాదికొచ్చింది. ఇదే పాట అనుకున్నాను. పిల్లను సాగదోలే పాట దొరికింది.

మా దగ్గర ఆడపిల్ల అత్తగారింటికి పోతున్నప్పుడు ఆడవాళ్లు ఊరికే కళ్లు తుడుచుకోరు. మెడలు పట్టుకుని, వరుస పెట్టి పిలుస్తూ, ఇన్నేళ్లు కలిసి బతికినవన్నీ చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. మనిషి పోయినప్పుడు కూడా అచ్చం అలాగే, అదే రాగంలో ఏడుస్తారు. కంటితో చూస్తే తప్ప, రేకుల అవతలి నుంచి విన్నవాళ్లకు రెంటికీ తేడా తెలియదు.

గేటు దగ్గరి మనిషిని ఒక్క మాట అడిగితే అయిపోయేది. లోపల ఏం జరుగుతోందన్నా అని. అడగడానికి సిగ్గుపడ్డాను. సినిమా కథలు అడిగే ఆడదాన్ని అనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అన్నవాళ్లు వేరే పెళ్లిళ్లకు తిరుగుతున్నారు, ఎవరూ ఆ సినిమా చూడలేదు. నేను ఆ పాట అన్నకు చెప్పాను, తండా ఆయనకు చెప్పాను, కాక వీపు మీద చెప్పాను. ఆ పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య చాలా ఖాళీ. కాక ఆ ఖాళీని చక్కగా పట్టుకున్నాడు.

ఆ పెళ్లికి నేను కూడా పోయాను. ఊరేగింపులో గ్యాస్ లైట్లు నెత్తిన పెట్టుకుని నడవడానికి ఆడవాళ్లు కావాలన్నారు, అన్న నన్నూ తీసుకుపోయాడు. ఊరేగింపు బాగా జరిగింది. తెల్లవారి పిల్లను సాగదోలే వేళకు లైట్లు గోడ పక్కన పెట్టి, మిగతా ఆడవాళ్లతో కలిసి నేనూ నిలబడ్డాను. వాకిట్లో కారు ఉంది. పెళ్లిపిల్లను తల్లి, పినతల్లులు పట్టుకుని తెచ్చారు. అన్న క్లారినెట్ ఎత్తాడు.

పాట మొదలవగానే ఆడవాళ్లు గొల్లుమన్నారు. తల్లి బిడ్డ మెడ పట్టుకుని రాగం తీసింది. పెద్ద రైతు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. నేను చెప్పిన పాట ఇంత పెద్ద వాకిలిని ఏడిపిస్తోందని నాకు ఒళ్లు పొంగింది. ఇప్పుడు తలచుకుంటే ఆ పొంగడమే అన్నింటికంటే ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

పెళ్లి పిల్లగాని వైపు బంధువొకడు కారు దగ్గర నుంచి చేతులు ఊపుకుంటూ పరుగెత్తి వచ్చాడు.

"ఆపుండ్రి! ఏం పాటరా వాయిస్తాండ్రు?"

అన్న క్లారినెట్ దించాడు. "కొత్త పాట సార్. సినిమాలది."

"సినిమాలదని నాకెరుకనే. హన్మకొండల సూసిన. గది పీనుగను లేపేటప్పటి పాటరా! ఈడ ఎవలు సచ్చిండ్రని వాయిస్తాండ్రు?"

తల్లి నోటి మీద చేయి పెట్టుకుంది. మరుక్షణం గుండెలు బాదుకుంటూ కూలబడింది. "పసుపు బట్టల మీదున్న పిల్లకు సావు మేళం వట్టిస్తిరి గదరా! నేనేం పాపం జేసిన్నో!" అప్పటిదాకా ఒక రకంగా ఏడ్చిన ఆడవాళ్లంతా ఇప్పుడు ఇంకో రకంగా ఏడవసాగారు. వినడానికి రెండూ ఒకటే.

పెళ్లివాళ్లు నలుగురు అన్నను చుట్టుముట్టి పక్కకు లాక్కుపోయారు. క్లారినెట్ ఆగింది, ట్రంపెట్ ఆగింది, చిన్న డ్రమ్ములు ఆగాయి. పెద్ద డ్రమ్ము ఆగలేదు. కాక కళ్లు మూసుకుని ఉన్నాడు. చూడాల్సిన అన్న భుజాలు ఆయన ముందు లేవు. ఆ ఏడుపుల మధ్య ఒక్క దెబ్బ, ఖాళీ, ఇంకో దెబ్బ.

"సూడు, ఇంక కొడ్తనే ఉన్నడు! ఎంత పొగరు!"

"పాట కాదు, గీ ముసలోనిదే తప్పు. సావు దెబ్బ కొడ్తాండు."

ఒకడు ఆయన చేతిలో కర్ర గుంజుకున్నాడు. ఇంకొకడు డ్రమ్మును తన్నాడు. తోలు చీలిపోయింది. కాక కళ్లు తెరిచి చుట్టూ ఉన్న నోళ్లను చూశాడు. ఒక్క నోటినీ చదవలేకపోయాడు.

"ఏమైంది? తప్పిందా? నేను తప్పిన్నా?" అని పెద్దగా అడిగాడు.

ఎవడో ఆయన మీద చేయి ఎత్తాడు. నేను ఉరికి పోయి కాక వీపు మీద అరచేయి అదిమి పట్టాను. ఆగమని. ఆయన చెప్పినట్టు ఆగాడు.

"ఆయనను కొట్టకుండ్రి. ఆయనకు ఇనరాదు. పాట నేను చెప్పిన. దెబ్బ గూడ నేనే చెప్పిన."

పెద్ద రైతు నా వైపు తిరిగాడు. "నువ్వెవలు?"

"మేళపాయన చెల్లెను."

"మేళానికి ఆడిది పాట చెప్పుడేంది?" అని ఆయన అన్నను చూశాడు. అన్న నేల చూస్తున్నాడు.

పాటను గుర్తుపట్టిన బంధువు నన్ను అడిగాడు. "సినిమా సూసినవా నువ్వు?"

"సూడలే."

"సూడకుంట ఎట్ల చెప్పినవు?"

"హాలు ఎనుక, రేకులకాడ కూసోని ఇన్న. ఏడుపులు ఇనవడ్డయి. పిల్లను సాగదోలుతాండ్రనుకున్న."

ఒకడు ఫక్కుమన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. "రేకుల మేళం రా ఇది" అన్నారెవరో. అప్పటిదాకా కొట్టడానికి వచ్చినవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. కొట్టి ఉంటే బాగుండేదనిపించింది. పెళ్లిపిల్ల మాత్రం నవ్వలేదు. తడి కళ్లతో నన్ను ఒక చూపు చూసి లోపలికి పోయింది. గుమ్మడికాయ దిష్టి తీసి, మంచి గడియ మళ్లీ చూసుకుని, మేళం లేకుండానే ఆమెను పంపించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు తొర్రూరు బస్సు దిగేవాళ్లను ఆ ఇంటి బిడ్డ ఎట్లున్నదని అడిగేదాన్ని. మంచిగున్నది, పిల్లల తల్లి అయింది అనేవాళ్లు. అయినా మళ్లీ అడిగేదాన్ని.

తిరిగి వచ్చే బస్సులో అన్న నా పక్కన కూర్చోలేదు. ఇంటికి వచ్చాక అన్నాడు.

"నువ్వు నోరు మూసుకొని ఉంటే అయిపోవు. కాకను నాలుగు తిట్టి ఇడిసిపెడుదురు."

"కొడుదురన్నా."

"రెండు దెబ్బలు మానుతయి. ఇప్పుడు నా పేరు మానుతదా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. జనగామ చుట్టుపక్కల "రేకుల మేళం" అన్న పేరు మా కంటే ముందే ప్రతి ఊరికీ పోయింది. అన్న ఎవరికీ తెలియని చోటు వెతుక్కుంటూ భూపాలపల్లి వైపు, చిట్యాల దాకా పోయాడు. అక్కడ కూడా ఎవరో "మీరేనా గా రేకుల మేళపోళ్లు?" అన్నారట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నేను పెట్టిన అన్నం ముట్టలేదు. నన్ను ఇక పాట అడగలేదు. చిరిగిన డ్రమ్మును అటక మీదికి ఎక్కించాడు. ఇంకో డ్రమ్ము, ఇంకో మనిషి వచ్చారు. కాకకు చేత్తో సైగ చేశాడు. కూర్చో, అని.

కాక కూర్చున్నాడు. నాకు అన్నింటికంటే బరువైంది అదే. ఆయన తన దెబ్బ తప్పిందనే నమ్మాడు. నేను నా గుండె మీద చేయి పెట్టుకుని, నాది, నాది అని ఎన్నో సార్లు చూపించాను. తనను ఓదారుస్తున్నానని అనుకున్నాడు.

"ఏడువకు బిడ్డా. చెవిటోన్ని, ఎప్పటికైన తప్పేదే" అనేవాడు.

పాట మంచిదే, దెబ్బ మంచిదే, చోటు మాత్రమే తప్పు. ఈ చిన్న మాటను సైగల్లో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. రాసి చూపిద్దామంటే నాకు రాయరాదు, ఆయనకు చదవరాదు. ఆయన ఎర్ర కోటు గుండీలు తోమడం మానేశాడు. అరుగు మీద కూర్చుని మోకాళ్ల మీద వేళ్లు ఆడించేవాడు. నేను వస్తున్నట్టు కనబడితే ఆపేసేవాడు.

నేను హాలు దగ్గరికి పోవడం మానేసి పల్లికాయ స్టేషనులో అమ్ముకున్నాను. ఏళ్లు గడిచాయి. మా వాడలో బడి వరండాలో పెద్దవాళ్లకు సాయంత్రం చదువు మొదలుపెట్టారు. వదినె పోతున్నదని నేనూ పోయాను. నెత్తి మీద వెంట్రుకలు నెరిశాక పలక పట్టుకోవడం ఒక సిగ్గు. కానీ అప్పటికి నాకు అలవాటు లేని సిగ్గు లేదు. చెప్పే పంతులమ్మ ఆంధ్రా వైపు నుంచి వచ్చిన పిల్ల. ఆమె పాటలతో అక్షరాలు చెప్పేది.

"ఎవరికి వచ్చిన పాట వాళ్లు పాడండమ్మా. సినిమా పాటైనా సరే. మీ పాటలో మొదటి అక్షరమే ఇవాళ మనకు పాఠం."

ఒకామె బతుకమ్మ పాట పాడింది. ఒకామె నాటు వేసేటప్పుడు పాడేది పాడింది. తండా ఆమె తన భాషలో పాడి, ఇది రాయరాదేమో అన్నది. ఎందుకు రాదు అని పంతులమ్మ ఆ పాట మాటలు కూడా తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాసింది. తండా ఆమె తన ఇంటి మాటను బోర్డు మీద చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా వంతు వచ్చింది. నోట్లోకి ఎన్నో పాటలు వచ్చాయి. అన్నీ రేకుల అవతలివే. వాటి ముందు ఆ ఒక్కటి నిలబడింది.

"నాకు పాటలు రావమ్మా" అన్నాను.

వదినె నా వైపు తిరిగి చూసింది. ఆ రోజు నా పాఠం వేరేవాళ్ల పాటలోంచే నేర్చుకున్నాను.

అక్షరాలు కూడుకోవడం వచ్చాక స్టేషను గోడల మీద కనపడ్డదల్లా చదివేదాన్ని. ఒకరోజు కొత్తగా అంటించిన సినిమా కాగితం ముందు నిలబడి ఒక్కో అక్షరం పలుకుతున్నాను. పేరు పూర్తయ్యాక మళ్లీ మొదటి నుంచి చదివాను. రిక్షా మైకుల్లో ఆ రోజుల్లో విన్న పేరు. ఆ సినిమానే. పాత సినిమాను మళ్లీ తెచ్చారు.

మరునాడు కాకను బట్టలు మార్చుకోమని సైగ చేశాను. దవాఖానకు అనుకున్నట్టున్నాడు, గొణుక్కుంటూ వచ్చాడు. ముందు గేటు నుంచి, టికెట్లు తీసుకుని, నేను మొదటిసారి ఆ హాల్లోకి పోయాను. లోపల రేకుల గోడకు నల్ల గుడ్డ కట్టి ఉంది. ఒకప్పుడు నేను అవతల కూర్చున్న చోటు ఏ పక్కనుందో పోల్చుకోలేకపోయాను.

కాకకు బొమ్మ నచ్చింది. కథ తానే కల్పించుకుని పెద్దగా చెబుతున్నాడు. ముందు వరుసలవాళ్లు తిరిగి చూస్తున్నారు. నేను తల వంచుకున్నాను. ఇంటర్వెల్ అయింది. సన్నాయి మొదలైంది. తల ఎత్తి చూశాను. ఎర్ర చీర, నుదుట కుంకుమ, నిండుగా పూలు, కాళ్లకు పసుపు. చుట్టూ ఆడవాళ్లు. ఆమె పడుకుని ఉంది. నలుగురు మగవాళ్లు భుజాలకు ఎత్తుకోబోతున్నారు.

నేను కాక వీపు మీద చేయి వేశాను. అరచేత్తో దెబ్బ. ఖాళీ. దెబ్బ. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ దెబ్బను ఆయన మరిచిపోలేదు. తెర చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ తెర చూశాడు. పాడె కదిలింది. నేను కొడుతూనే ఉన్నాను. ఇంకో చేత్తో నా గుండె చూపించి, నా చెవి చూపించి, ఆ రేకుల గోడ చూపించాను.

కాక నవ్వాడు. హాలంతా ముక్కులు ఎగబీలుస్తుంటే ఆయన ఎగిరెగిరి నవ్వాడు.

"నా దెబ్బ తప్పలే! పీనుగకు సరిగ్గ కొట్టిన బిడ్డా! సరిగ్గ కొట్టిన!"

"ఎవడ్రా వాడు!"

"తాగచ్చినట్టున్నడు, బయటికి తోలుండ్రి!"

గేటు మనిషి టార్చి వెలుగు మా ఇద్దరి మీద పడింది. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని, కాక వీపు మీద అరచేయి అదిమి పట్టాను. ఆగమని. ఆయన మొదటిసారి నా మాట వినలేదు. మమ్మల్ని బయటికి పంపేదాకా కుర్చీ చెక్క మీద కొడుతూనే ఉన్నాడు.

ఇంటికి రాగానే ఆయన నిచ్చెన వేసుకుని చిరిగిన డ్రమ్ము దించి అన్న ముందు పెట్టాడు. "తోలు ఏపియ్యి. నేను తప్పలే" అన్నాడు. అప్పటికి అన్న టేప్ రికార్డర్ కొన్నాడు. పాటలు అందులోంచే నేర్చుకునేవాడు. దాన్ని చూసి, కాకను చూసి, చివరికి నన్ను చూశాడు. అన్ని ఏళ్లలో సూటిగా చూడడం అదే.

"టేపు ఈయనకు ఇనరాదు గదా. ఎవలు చెప్తరు?"

వదినె చాట పక్కన పెట్టింది. "ఎప్పుడు చెప్పినామెనే చెప్తది. ఆ వంటింట్ల చీకట్ల కాదు, ఆకిట్ల కూసోవెట్టి చెప్పుమను. అందరు సూడనియ్యి."

అన్న డ్రమ్ము ఎత్తుకుని బయటికి పోయాడు. తోలు వేయించుకొచ్చాడు.

మరుసటి వారం వాకిట్లో కాక వెనక కూర్చున్నాను. అన్న టేపు పెట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగారు. పక్కింటి ఆమె పిల్లను చంకనేసుకుని వచ్చి గోడకు ఆనుకుంది. రేకుల మేళం అని ఎవరో అన్నారు, నాకు వినిపించింది. కాకకు వినపడలేదు. నా చేయి ఆయన వీపు మీద ఉంది, అందరి కళ్లూ నా చేయి మీద ఉన్నాయి. అరచేతికి చెమటలు పట్టాయి.

"చెయ్యి తుడుసుకో బిడ్డా" అన్నాడు కాక, వీధంతా వినపడేలా. "దెబ్బ జారుతాంది."